అద్దె తక్కువ ఇల్లు

యాంగాన్,
12 జూన్ 1998

పూజ్యులు లోకనాథం మాస్టారికి లింగరాజు నమస్కరించి రాసేది.

బతికే ఉన్నాను. క్షేమమో కాదో ఉత్తరం పూర్తిగా చదివి మీరే తేల్చండి. ఇచ్ఛాపురం హైస్కూల్లో మీ పక్క కుర్చీలో ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. మీరు వదిలి వెళ్ళిన ఉద్యోగమే కదా, మీరు బతికిన ఊరే కదా అన్న ధైర్యంతో వచ్చాను. బడి బాగానే ఉంది. ఎంబసీల వాళ్ళ పిల్లలు, వ్యాపారుల పిల్లలు. హెడ్మిస్ట్రెస్ గారు మంచావిడ. లేనిదల్లా ఇల్లు.

ఈ ఊళ్ళో విదేశీయుడికి అద్దె డాలర్లలో, ఏడాదిది ముందుగా. మొదటి బ్రోకరు నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మొహం ఇక్కడివాళ్ళ మొహంలాగే ఉందే, విదేశీ అద్దె ఎందుకిస్తారు?" అన్నాడు. సంతోషించి, "అయితే ఇక్కడివాళ్ళ అద్దెకే ఇప్పించండి" అన్నాను. "కుదరదు, మీకు పాస్‌పోర్టుంది" అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో ఒకావిడ నన్ను చూసి నేరుగా తెలుగులోనే, "ఏటి బాబూ, కూసింత జరుగు" అంది. ఇంటివాళ్ళకి తప్ప అందరికీ నేను ఇక్కడివాణ్ణే.

రెండో ఇంటికి ఇరవైనాలుగు గంటలూ కరెంటుందన్నారు. వెళ్ళి స్విచ్ వేస్తే వెలగలేదు. అడిగితే, తీగ ఇరవైనాలుగు గంటలూ ఉంటుందన్నారు. మూడోది మింగళాడోన్‌లో. ఇల్లు ముచ్చటగా ఉంది, అద్దె నా జీతానికి అందుతుంది. షరతు ఒక్కటే: ఎడమవైపు చూడకూడదు. ఎడమవైపు కంటోన్మెంటు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఎటు చూడాలో తెలియని ఇంట్లో ఉండగలనా?

వచ్చే నెలాఖరులోగా అద్దె చిరునామా వార్డు ఆఫీసులో నమోదు కాకపోతే వీసా పొడిగించరట. అంటే ఇచ్ఛాపురం బండెక్కడమే. మంగాయమ్మ పుస్తెలగొలుసు తాకట్టు పెట్టి టిక్కెట్టు కొన్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మీరు మూడేళ్ళు ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు? వెంటనే రాయండి.

మీ
లింగరాజు


షార్జా,
25 జూన్ 1998

చిరంజీవి లింగరాజుకు ఆశీస్సులు.

నీ కష్టం చదివి నవ్వుకున్నాను. ఏడుపు నాకిక్కడ సరిపడా ఉంది కాబట్టి నవ్వు నీకు కేటాయించాను.

ఇక్కడ పెళ్ళాం పక్కన లేని మగవాణ్ణి బ్రహ్మచారి అంటారు. నాకు నలభైఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు, బట్టతల. అయినా బ్రహ్మచారినే. మంచి ఇళ్ళన్నిటికీ "కుటుంబాలకు మాత్రమే" అని బోర్డు. కుటుంబాన్ని రప్పించాలంటే వీసాకి ఇంటి అద్దె కాగితం కావాలి. అద్దె కాగితం కావాలంటే కుటుంబం కనపడాలి. ఈ లెక్క నేను పదో తరగతికి ఇచ్చి చూశాను, వాళ్ళకీ రాలేదు.

ప్రస్తుతం ఒక పాత విల్లా హాల్లో ప్లైవుడ్డు చెక్కలు నిలబెట్టి ఆరు గదులు చేశారు. ఒక గది నాది. హాలుకి ఒక్కటే కిటికీ. అందులో మూడోవంతు నా వాటాకి వచ్చింది. మిగతా రెండొంతులు కేరళ మాస్టర్లవి. ఎండ మాత్రం ముగ్గురికీ సమానం.

ఇక నీ సంగతి. పజుండౌంగ్‌లో ఊ బా తౌంగ్ గారని సైన్యంలో రిటైరైన కెప్టెన్ ఉన్నారు. కింద ఆయన, పైన అద్దెకి రెండు గదులు. నేనున్నది అక్కడే. నా పేరు చెప్పు. మిగతా చోట్ల అడిగేదాంట్లో మూడోవంతుకి ఇస్తారు. వార్డు ఆఫీసు కాగితాలు కూడా ఆయనే చూసుకుంటారు. పెద్దాయనకి కబుర్లంటే ఇష్టం. నెలకోసారి టీకి పిలుస్తారు. వెళ్ళి కూర్చో. అంతే.

వెంకటరత్నమ్మా పిల్లలూ పర్లాకిమిడిలో మా మామగారింట్లో బాగున్నారు.

మీ మాస్టారు
లోకనాథం


పజుండౌంగ్, యాంగాన్,
9 ఆగస్టు 1998

పూజ్యులు లోకనాథం మాస్టారికి లింగరాజు అనేక నమస్కారాలు.

మాస్టారూ, మీ కాళ్ళెక్కడున్నాయో చెప్పండి, షార్జాదాకా వంగి మొక్కుతాను. టేకు చెక్కల నేల, పంపు నీళ్ళు, వానకి కారని కప్పు. అద్దె మీరు చెప్పినట్టే మూడోవంతు. అందరికీ నెల పట్టే వార్డు అనుమతి నాకు ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది. గుమాస్తా లేచి నిలబడి ఇచ్చాడు.

ముందుగదిలో పడక్కుర్చీ మీకు గుర్తుండే ఉంటుంది. ఫ్యాను కిందికి జరుపుదామని లాగితే రాలేదు. వంగి చూస్తే కాళ్ళు నేలకి మరలతో బిగించి ఉన్నాయి. భూకంపాల భయం కాబోలనుకున్నాను. ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా కిటికీ, కిటికీకి ఎదురుగా సందు అవతల రత్నం గారి ముందుగది. టీచరుగా రిటైరైన మన తెలుగావిడ. పుట్టింది ఇక్కడే, తాతలు మన సోంపేట వైపు వాళ్ళట. పిల్లలు ట్యూషనుకి వస్తూ పోతూ ఉంటారు. కాలేజీలు ఏడాదిన్నరగా మూతపడి ఉన్నాయి కదా, పెద్ద పిల్లలు కూడా వస్తారు.

ఐదో తారీఖున కెప్టెన్ గారు టీకి పిలిచారు. టీ చాలా బాగుంది. తాగుతుండగా, "ఎదురింట్లో ఈ నెల ఏం వండారు?" అని అడిగారు. బీరకాయ వాసన వచ్చిందన్నాను. నోటుబుక్కు తీసి రాసుకున్నారు. "ఎంతమందికి సరిపడా?" అన్నారు.

ఈ దేశంలో ఇరుగుపొరుగుల ఆహారం పట్ల పెద్దలకి ఇంత శ్రద్ధ ఉండటం నన్నెంతో ఆకట్టుకుంది. ఈ ఉత్తరం దారిలో ఎవరు చదివినా ఈ సంగతి గమనించాలని కోరుతున్నాను.

మిమ్మల్ని కూడా అడిగేవారా?

మీ
లింగరాజు


షార్జా,
24 ఆగస్టు 1998

చిరంజీవి లింగరాజుకు.

అడిగేవారు. అందరినీ అడుగుతారు. పెద్దాయనకి పొద్దుపోక. కూరగాయల గురించి చెప్పు. అవి అయిపోతే పప్పుల గురించి చెప్పు. నేను మూడేళ్ళు కాకరకాయ దాటి ఒక్క మాట మాట్లాడలేదు. వర్షాకాలంలో పచ్చళ్ళు కూడా పనికొస్తాయి. తక్కువ అద్దెకి ఇల్లు ఊరికే రాదు కదా. నెలకో గంట కబుర్లు, అంతే.

ఆదివారాలు మాత్రం ఇంట్లో ఉండకు. ష్వేడగోన్ పగోడా చూడు, చెరువుల వెంట తిరుగు. కుర్రవాడివి, ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తావు?

నాకొక ఫ్లాటు తగిలేలా ఉంది. చేపల మార్కెట్టు వెనక. ఇంటాయన "కుటుంబం ఏదీ?" అంటే వెంకటరత్నమ్మ ఫోటో చూపించాను. ఫోటోని అటూ ఇటూ తిప్పి, "ఈవిడ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. మీరు కాగితమిచ్చిన మర్నాడన్నాను. ఆలోచిస్తానన్నాడు.

మీ మాస్టారు
లోకనాథం


పజుండౌంగ్,
20 సెప్టెంబరు 1998

లోకనాథం మాస్టారికి లింగరాజు నమస్కారాలు.

ఇది ఇక్కడి పోస్టులో వేసింది కాదు. హెడ్మిస్ట్రెస్ గారు పుస్తకాల కోసం నెలకోసారి బ్యాంకాక్ వెళతారు. అక్కడ పోస్టు చేస్తానన్నారు. మీరు కూడా వెనక రాసిన బ్యాంకాక్ చిరునామాకే రాయండి. కాబట్టి ఈసారి ఎవర్నీ పొగడను.

మొన్న ఐదో తారీఖుకి నా దగ్గర కూరలు అయిపోయాయి. మూడో తారీఖున కుర్చీలో కూర్చుని వంకాయ చెప్పాలా, గుమ్మడికాయ చెప్పాలా అని తేల్చుకుంటున్నాను. రత్నం గారు వాళ్ళ కిటికీలోకి వచ్చి గట్టిగా, "సయాగారూ! ఇయ్యాల మా ఇంట్లో బెండకాయ. రాసుకోండి!" అన్నారు. సయా అంటే ఇక్కడ మాస్టారు. ఆ మాట అంత సిగ్గుగా నాకెప్పుడూ వినిపించలేదు.

మెట్లు దిగి వాళ్ళింటికి వెళ్ళాను. నలుగురు పిల్లలు చాప మీద కూర్చుని ఉన్నారు. నేను గడప దాటగానే వాళ్ళలో ఒకమ్మాయి ఎవరూ చెప్పకుండానే పుస్తకం తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. ఐదుగురికి మించి ఒకచోట చేరకూడదని సైనిక ప్రభుత్వం ఉత్తర్వు కదా. నేను వస్తే ఆరోవాణ్ణి.

"క్షమించండి. ఆ కుర్చీ సంగతి నాకు తెలియదు" అన్నాను.

"ఆ కుర్సీలో ఎవులు కూసున్నా ఒకటే సయా. మీ ముందాయన, ఆయన ముందు ఒక మద్రాసాయన. నాను మా ఇంట్లో ఏటొండాలన్నా మీకోసం ఆలోసించి వండాల. వారంలో రెండుసార్లు ఒకే కూరొండితే పాపం మీరు ఏటి సెప్పుకుంటారు?"

నవ్వుతూనే అంది. తర్వాత వాళ్ళ తమ్ముడు వీరన్న సంగతి చెప్పింది. తన్లిన్ రిఫైనరీలో టైపిస్టుట. ఆదివారాలు పాత టైపు మిషను పెట్టెలో పెట్టుకుని వచ్చి, అక్కగారి ట్యూషను పిల్లలకి ప్రశ్నపత్రాలు కొట్టిపెట్టేవాడట. నిరుడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పట్టుకుపోయారు. మిషనూ, కాగితాలూ కూడా.

"కాయితాల్లో ఏముందండీ? 'ఎక్స్ విలువ కనుక్కో. ఎక్స్, వై కలిస్తే పది' ఇయ్యే కదా. ఆల్లేమో, ఎక్స్ ఎవుడు, ఆడి విలువేటి, వైని ఎక్కడ కలిసినాడు అని అడగడం. ఈడు ఎక్స్ అంటే తెలీనిది అని సెప్తే, తెలీదంటావేట్రా అని కొట్టడం. పదకొండు నెలలు, సయా! ఆకరికి ఎవులో లెక్కల సదువుకున్న ఆపీసరు ఒచ్చి సూసి వదిలీసినాడు."

ఇప్పుడు వీరన్నకి తన్లిన్‌లో ఉద్యోగం లేదు. నది అవతల ట్వంటేలో కుండల బట్టీ దగ్గర పనిచేస్తున్నాడట.

మీ గురించి ఆవిడ ఒక్క చెడ్డ మాట అనలేదు. "మంచి సయా, దీపావళికి మావోడికి సొక్కా గుడ్డ ఇచ్చినారు" అంది.

మాస్టారూ, ఎవరో ఆదివారం టైపు చప్పుడు వినిపిస్తుందని చెప్పారట. మీరు కాకరకాయ దాటలేదని రాశారు. ఆదివారాలు ఇంట్లో ఉండొద్దని కూడా మీరే రాశారు. ఎందుకు రాశారు?

లింగరాజు


షార్జా,
12 అక్టోబరు 1998

లింగరాజుకు.

ఫ్లాటు ఖాయమైంది. కుటుంబ వీసాకి కాగితాలు ఇచ్చాను. చేపల వాసన గురించి వెంకటరత్నమ్మకి ఇంకా రాయలేదు.

నీ ఉత్తరం అందింది. నువ్వడిగింది నాకర్థం కాలేదు. దిక్కులేక నిలబడ్డవాడికి ఇల్లు చూపించాను. ఆ ఇంట్లో కూర్చుని నన్ను ప్రశ్నలడగడం నీకు తగునో లేదో ఆలోచించుకో. బడి పనుల ఒత్తిడిలో ఉన్నాను. ఇకమీద ఆలస్యంగా రాస్తాను.

లోకనాథం


యాంగాన్,
15 నవంబరు 1998

లోకనాథం గారికి.

ఆ ఇంట్లో కూర్చుని అడగడం తగదన్నారు. ఇప్పుడు ఆ ఇంట్లో లేను కాబట్టి రాస్తున్నాను.

ఐదో తారీఖున టీతోపాటు ఒక కాగితం కూడా వచ్చింది. ముందే టైపు కొట్టి ఉంది. ఎదురింట్లో రోజూ పదిమందికి పైగా యువకులు చేరుతున్నారని, నేను స్వయంగా చూశానని, కింద నా పేరు. సంతకానికి చుక్కలు కూడా పెట్టారు.

"నేను నలుగురినే చూశాను" అన్నాను.

"పొద్దున నలుగురు, మధ్యాహ్నం నలుగురు, సాయంత్రం నలుగురు. మీరు లెక్కల మాస్టారు, కూడలేరా?" అన్నారు కెప్టెన్ గారు.

"ఒకేసారి నలుగురే."

ఆయనకి కోపం రాలేదు. నాకు ఇంకో కప్పు పోసి, ఎంతో ఓపికగా, "ఈ ఇంటికి అద్దె ఎందుకు తక్కువనుకున్నారు?" అని అడిగారు.

నిజం చెప్పొద్దూ, జూలై నుంచీ ఆ ప్రశ్న వేసుకోకుండా జాగ్రత్తపడుతూ వచ్చాను. మూడోవంతు అద్దెకి ఇల్లిస్తే ఎందుకని అడగని లెక్కల మాస్టారు నాలాగా ఇంకెవరైనా ఉంటారా అని ఆ నిమిషాన అనిపించింది. ఉన్నారు, నా ముందు మీరు.

సంతకం పెట్టలేదు. ధైర్యంగా నిరాకరించానని అబద్ధం రాయను. కప్పు కింద పెట్టబోతే సాసరులో సగం ఒలికింది. ఆయన కాగితం తడవకుండా తీసుకుని, "ఈ ఇంటికోసం పదకొండుమంది విదేశీయులు ఎదురు చూస్తున్నారు. మీ సామాను రేపు మధ్యాహ్నంలోగా తీసెయ్యండి" అన్నారు.

తిన్నగా రత్నం గారింటికి వెళ్ళి చెప్పేశాను. ఆవిడ ఆ సాయంత్రమే పిల్లల్ని ఇద్దరిద్దరి చొప్పున విడగొట్టి ఊళ్ళో ఆరిళ్ళకి సర్దేసింది. మూడోరోజు వార్డు వాళ్ళు వచ్చి చూస్తే ఇంట్లో ఆవిడా, చిక్కుడుకాయలు ఒలుస్తున్న పక్కింటి ముసలమ్మా ఉన్నారట. వాళ్ళు కూడా తలో గుప్పెడు ఒలిచి వెళ్ళారు.

నేనిప్పుడు బడిలో సైన్సు ల్యాబులో పడుకుంటున్నాను. పక్కన ప్లాస్టరు అస్థిపంజరం ఉంది. అద్దె అడగదు, వార్తలడగదు. హెడ్మిస్ట్రెస్ గారు కిందామీదా పడి డిసెంబరు దాకా బడినే నా చిరునామాగా చూపించారు. తర్వాత సంగతి తెలియదు.

మిమ్మల్ని రెండోసారి అడగను. రత్నం గారితో మీ గురించి నేనేమీ చెప్పలేదు. ఏదైనా ఉంటే చెప్పాల్సింది మీరు.

లింగరాజు


షార్జా,
11 డిసెంబరు 1998

లింగరాజూ,

వెంకటరత్నమ్మ, పిల్లలు వచ్చి పది రోజులైంది. ముందుగదిలో రెండు కిటికీలు. పిల్లలు చెరో దాని దగ్గరా నిలబడి వీధిలో ఏం జరిగినా నాకు వచ్చి చెబుతున్నారు. ఎవరు కారు దిగారు, ఎదురింటివాళ్ళు ఏం కొనుక్కొచ్చారు. నిన్న చిన్నదాని మీద చెయ్యి చేసుకున్నాను. ఎందుకు కొట్టావని వెంకటరత్నమ్మ అడిగింది. చెప్పాను. ఆవిడ విని, నీకు రాయమంది.

నేనే చెప్పాను.

ఆ నెల నా దగ్గర చెప్పడానికేమీ లేదు. కూరలన్నీ అయిపోయాయి. కెప్టెన్ నోటుబుక్కు మూసి, "వచ్చే నెలనుంచి మామూలు అద్దె ఇవ్వండి" అన్నాడు. మామూలు అద్దె ఇస్తే ఇంటికి పంపడానికేమీ మిగలదు. లేచి వెళ్ళబోతున్నవాణ్ణి ఆగి, "ఆదివారాలు టైపు చప్పుడు వస్తుంది" అన్నాను. కాకరకాయ ఎంతో అదీ అంతే అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా, ఇప్పుడు చెప్పలేను. తర్వాతి ఆదివారం ఆ కుర్చీలో కూర్చుని చూశాను. వీరన్న చెప్పులు వేసుకోబోతే పట్టుకుపోయేవాళ్ళు వేసుకోనివ్వలేదు. నేను కిటికీ రెక్క వేశాను.

ఇంకొకటి ఉంది. నిన్ను ఆ ఇంటికి పంపింది జాలితో కాదు. నీ నోరు అదుపులో ఉంటుంది కాబట్టి పంపానని మొదట రాసి, ఆ కాగితం చించేశాను. నేను వచ్చేటప్పుడు కెప్టెన్ నా అడ్వాన్సు పట్టి ఉంచాడు. నా బదులు ఇంకో మాస్టర్ని పంపితే తిరిగి ఇస్తానన్నాడు. నువ్వు చేరిన వారానికి ఇచ్చేశాడు. ఈ ఫ్లాటుకి బయానాగా కట్టింది ఆ డబ్బే.

వీరన్నకి ఒక ఉత్తరం ఇందులో పెట్టాను. ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం. నన్ను మాస్టారని పిలవక్కర్లేదు.

లోకనాథం


తింగన్‌జున్, యాంగాన్,
24 జనవరి 1999

మాస్టారూ,

అలవాటు కొద్దీ అలాగే రాశాను. ఉండనివ్వండి.

ముందు నా సంగతి. రత్నం గారి చుట్టాలు సన్యాసమ్మ గారింట్లో వెనకగది దొరికింది. అద్దె జీతంలో సగం. మంగాయమ్మని ఈ ఏడాది తీసుకురాలేను. వార్డు అనుమతికి అందరికీ పట్టినట్టే నెలా నాలుగురోజులు పట్టింది. గుమాస్తా లేవలేదు. ఎప్పుడూ లేని హాయి అనిపించింది.

మీ ఉత్తరం సంగతి ముందు రత్నం గారికి చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగలేదు.

"నాకు తెల్దనుకున్నారేటి? ఆ కిటికీలోంచి తప్ప మా ఇంటి సప్పుడు ఎవులికినిపిస్తాది?"

"మరి మంచి సయా అన్నారు కదండీ."

"మంచోడే. సొక్కా గుడ్డ ఇచ్చినోడు మంచోడు కాదేటి? ఆ మనిసే ఇదీ సేసినాడు. నాను రెండూ మర్సిపోలేదు." ఇంకో గుప్పెడు బియ్యం తీసుకుని, "వీరన్నకి నాను సెప్పలేదు. ఆడు అడగలేదు. మీరెల్లి సెప్పండి. నా వల్ల కాదు" అంది.

మొన్న ఆదివారం కాలవలో పడవ మీద ట్వంటే వెళ్ళాను. బట్టీ దగ్గర వీరన్న కుండల్ని గడ్డిలో సర్దుతున్నాడు. నలభై ఉంటాయేమో, యాభైలా ఉన్నాడు. గోడకి వీపు ఆనించి, దారి కనిపించేలా తప్ప కూర్చోడు. ఎవరినుంచి వచ్చానో చెప్పి, కవరు అందించాను.

"నాను కాయితం ముట్టను. మీరు సదవండి" అన్నాడు.

చదివాను. మూడు పేజీలు. మీరు రాసినదాంట్లో ఒక్క అక్షరం వదల్లేదు. చదువుతున్నంతసేపూ అతను కుండల మధ్య గడ్డి కూరుతూనే ఉన్నాడు. అయ్యాక అడిగాడు:

"పిల్లలు ఆయనకాడికి ఒచ్చినారా?"

"వచ్చారు. ఇద్దరు."

"ఇల్లు సాల్తాదా?"

"చాలుతుంది."

తల ఊపాడు. "మరి ఇప్పుడు నానేటి సెప్పాల?"

"ఏమీ చెప్పక్కర్లేదు."

"సెప్పాలనే రాసినాడు గదా ఆయన. సెప్పకపోతే ఆయనకి నిద్ర పట్టదు." కోపంగా అనలేదు. ఏదో కొలతలు చెబుతున్నట్టు అన్నాడు. "నాకూ పట్టదు లెండి."

తర్వాత చేతులు పంచెకి తుడుచుకుని, ఆ మూడు పేజీలూ నా చేతిలోంచి తీసుకుని, అంచులు కలిపి నీటుగా మడిచాడు. టైపు పనిచేసిన చేతులు కదా, మడత ఎంత తిన్నగా వచ్చిందో! మడిచి నా జేబులోనే పెట్టేశాడు.

"మీకాడే ఉండనీండి. నాకాడుంటే మల్ల ఎవులైనా సదివి అర్దం అడుగుతారు."

అన్నం పెట్టాడు. చేపల పులుసు. నా సంచీ తనే మోసుకుని రేవుదాకా వచ్చాడు. పడవలో నాకు నీడపట్టున చోటు చూపించి, పడవవాడికి నన్ను ఎక్కడ దింపాలో రెండుసార్లు చెప్పాడు. మీ షార్జా చిరునామా అడుగుతాడేమోనని ముందే ఒక చీటీ మీద రాసి పెట్టుకున్నాను. తాడు విప్పేదాకా ఆ చీటీ చేతిలోనే ఉంది. అడగలేదు.

లింగరాజు